అటెండరు సహితంగా ఊహాయాత్ర

మనిషి మనశ్శాంతిని ఆ మనిషి చేతికే వదిలేయడం పరిపాలనాపరమైన లోపమని తూముల గణన శాఖ 1988 జూన్ నెలలో కనుగొన్నది. అంతకుముందు ఆ శాఖ కనుగొన్నవి తూములు మాత్రమే. (ఏ చెరువుకు ఎన్ని తూములున్నాయో ఏటా లెక్కపెట్టడం ఆ శాఖ పని. తూములు ఏడాదికేడాది మారవు గనుక, లెక్క మారితే సంజాయిషీ అడగడం కూడా ఆ శాఖ పనే.)

హైదరాబాదులోని ప్రధాన కార్యాలయం నుంచి కరీంనగర్ జిల్లా కార్యాలయానికి వచ్చిన సర్క్యులర్ పదకొండు పేజీలుంది. శాఖలో షుగరు వ్యాధి ఉన్న ఉద్యోగులు ఎక్కువవుతున్నారు. షుగరు ఆందోళన వల్ల పెరుగుతుంది. ఆందోళన అనేది క్రమశిక్షణ లేకపోవడం వల్ల వస్తుంది. కాబట్టి షుగరు ఉన్న ప్రతి ఉద్యోగీ ఇకమీదట పనిదినాల్లో పదకొండు నుంచి పన్నెండు దాకా, కార్యాలయంలోనే, పై అధికారి సమక్షంలో ప్రశాంతంగా ఉండవలెను. ఆరు నెలల్లో ప్రశాంతత సాధించనివారు ఆదిలాబాదు జిల్లా జైనూర్ గుట్టల్లో తూముల లెక్కకు పంపబడుదురు. (ఆ గుట్టల్లో చెరువులు బహు తక్కువ. వెతకడానికే ఎక్కువ కాలం పడుతుందని శాఖ ముందుచూపు.)

సీనియర్ అసిస్టెంట్ అంబదాస్ ఈ సర్క్యులర్‌ను మూడుసార్లు చదివాడు. మొదటిసారి గొంతు ఎండిపోయింది. రెండోసారి చెంబెడు నీళ్లు తాగి చదివాడు. మూడోసారి చదువుతుండగా మధ్యలో లేచి పెరట్లోకి వెళ్లిరావలసి వచ్చింది. సర్క్యులర్ వర్ణించిన ఉద్యోగి తానేనని దాంతో రూఢి అయింది.

అంబదాస్‌కు నలభై ఆరేళ్లు. సొంతూరు గోదావరి ఒడ్డున చెన్నూరు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఒక్క కాగితం ఆలస్యం చేయలేదు, ఒక్క రాత్రి కలత లేకుండా పడుకోలేదు. రెండేళ్ల కింద మిషన్ దవాఖానలో నర్సు దెబోరా నీలిరంగు మందునీళ్లున్న గాజుగొట్టంలో ఆయన మూత్రం ఎనిమిది చుక్కలు వేసి, స్పిరిటు దీపం మీద కాచింది. నీలంగానే ఉంటే ఏమీ లేనట్టు, ఆకుపచ్చయితే కొంచెం ఉన్నట్టు, పసుపైతే జాగ్రత్తపడవలసినట్టు. అంబదాస్‌ది వీటిలో ఎక్కడా ఆగలేదు. నేరుగా ఇటుక రంగుకు వెళ్లింది.

“గీ రంగు చూస్తే ఇల్లు కట్టుకోబుద్దయితుంది సారూ,” అన్నది దెబోరా.

డాక్టరు మాత్రలు రాసి, ఏ టెన్షనూ పెట్టుకోవద్దని చెప్పాడు. ఆనాటి నుంచి అంబదాస్‌కు తాను టెన్షన్ పెట్టుకుంటున్నానేమోనన్న టెన్షన్ కొత్తగా పట్టుకుంది. భార్య దేవకి రాత్రి అన్నం మాన్పించి జొన్నరొట్టె పెట్టింది. చక్కెర మాన్పించి చాయ్‌ని ఫీకా చేసింది. ఆలుగడ్డను గడప తొక్కనివ్వలేదు. సర్క్యులర్ వచ్చిన సాయంత్రం ఆయన ముఖం చూసి ఆమె చాట పక్కన పెట్టింది.

“చక్కెర డబ్బానైతే అల్మారిల పెట్టి తాళమేసిన. నీ ఫికర్‌ను ఏ డబ్బాల పెట్టి తాళమెయ్యాలె?” అన్నది.

“ఆర్నెల్లల్ల శాంతి రాకపోతే జైనూర్‌కు పంపుతరట.”

“గట్ల బెదిరిస్తే వస్తదా శాంతి?”

“సర్క్యులర్‌ల వస్తదనే ఉన్నది,” అన్నాడు అంబదాస్. సర్క్యులర్ మీద ఆయనకు నమ్మకం ఎక్కువ.

జులై ఒకటిన పథకం ప్రారంభమైంది. కార్యాలయంలో షుగరున్నవాళ్లు నలుగురు. వాళ్లకు ప్రశాంతత నేర్పడానికి లింగమూర్తి అనే శాంతి బోధకుణ్ని డిప్యుటేషన్ మీద వేశారు. ఆయన అంతకుముందు ఒక హైస్కూలులో డ్రిల్లు మాస్టరు. ‘విశ్రామ్’ అనే మాటను పదిహేడేళ్లుగా అరుస్తూ ఉండటం ఆయన అర్హతగా ఉత్తర్వులో రాశారు. పదకొండు కొట్టగానే ఆయన ఈల ఊదేవాడు. నలుగురూ చాపల మీద కూర్చునేవాళ్లు. “కండ్లు మూయ్! ఊపిరి తీయ్! ఏయ్, నిన్నే, నిమ్మళంగ తీయ్!” అని ఆయన అరిస్తే, ఎదురుగా సైకిళ్ల దుకాణంలో కూడా పంపు కొట్టేవాడు కాసేపు ఆగేవాడు.

ఊపిరికి రిజిస్టరు ఉండవలెనని రూలు. కొత్తది అచ్చువేయించే లోపల తూముల రిజిస్టరునే వాడుకోమన్నారు. అందులో ప్రారంభ నిల్వ, లోనికి వచ్చినవి, బయటికి పోయినవి, ముగింపు నిల్వ అని నాలుగు గళ్లున్నాయి. మిగతా ముగ్గురూ లోనికి వందా బయటికి వందా రాసి ఊరుకున్నారు. అంబదాస్ అబద్ధం రాయలేని మనిషి. మొదటి రోజు లోనికి తొంభై ఆరు, బయటికి తొంభై నాలుగు అని రాశాడు. వారంలో తనిఖీ కాగితం వచ్చింది. మిగిలిన రెండు శ్వాసలు ఏ స్థితిలో ఉన్నవి, ఎవరి అధీనంలో ఉన్నవి, మూడు రోజుల్లో తెలుపవలెను.

అంబదాస్ ఆ మూడు రోజులూ తిండి తినలేదు. ఒకటి దగ్గులో పోయిందనీ, రెండోది ఈల విన్నప్పుడు ఎక్కడిదక్కడ నిలిచిపోయిందనీ సంజాయిషీ రాశాడు. నిలిచిపోయినదాన్ని వీలైనంత త్వరలో విడుదల చేయవలసిందిగా జవాబు వచ్చింది.

రెండో పాఠం ఒళ్లు వదులు చేయడం. పాదాల వేళ్లతో మొదలుపెట్టి తల దాకా ఒక్కో కండరాన్నీ బిగించి వదలాలి. శాఖలో కింది నుంచి పైకి పోయేది ఏదైనా మధ్యలో ఎక్కడో ఒకచోట ఆగుతుంది. అంబదాస్‌కు అది మెడ దగ్గర ఆగింది. నెల తిరిగేసరికి మెడ పట్టేసి, పక్కవాణ్ని చూడాలంటే మనిషంతా తిరగవలసి వచ్చేది. దవాఖానలో గాజుగొట్టం మళ్లీ ఇటుక రంగే చూపింది.

“ఏం చేస్తున్నవ్ సారూ గిన్ని దినాలు?” అని అడిగింది దెబోరా.

“శాంతిగ ఉంటున్న.”

“జర తక్కువ చెయ్యి,” అన్నది ఆమె.

ఆ కార్యాలయంలో షుగరున్నవాళ్లు నలుగురని చెప్పుకున్నాం. అది లెక్క ప్రకారం. నిజానికి ఐదుగురు. ఐదోవాడు అటెండరు సిద్దిరాములు. ఆయనకు షుగరు అందరికంటే పాతది, అందరికంటే ఎక్కువ. అయితే పథకం జూనియర్ అసిస్టెంటు హోదా నుంచి పైకే వర్తిస్తుంది. నాలుగో తరగతి ఉద్యోగులకు ఆందోళన మంజూరు కాలేదని తొమ్మిదో నిబంధన. కాబట్టి పదకొండు గంటలకు సిద్దిరాములు చేయవలసింది చాపలు పరచడం, లింగమూర్తికి మంచినీళ్లు పెట్టడం, తర్వాత గంటసేపు తలుపు దగ్గర నిలబడి వచ్చిన రైతులతో “సార్లు శాంతిగున్నరు, పన్నెండు దాటినంక రాండ్రి” అని చెప్పడం.

సెప్టెంబరులో ఒక రోజు అంబదాస్ కళ్లు మూసుకుని కుడి పిక్కను వదులు చేస్తుండగా, మెడ నొప్పికి తట్టుకోలేక ఒక కన్ను తెరిచాడు. (ఒక కన్ను తెరవడం నిబంధనలకు విరుద్ధం. రెండూ తెరిస్తే నిద్ర లేచినట్టు పరిగణిస్తారు.) చాప మీద ఎర్రని మరకలు కనిపించాయి. చాప నుంచి తలుపు దాకా అడుగుకొక మరక. తలుపు దగ్గర సిద్దిరాములు ఎప్పటిలాగే నిలబడి ఉన్నాడు.

పన్నెండు కాగానే అంబదాస్ ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టి ఎడమ కాలు చూశాడు. చిటికెన వేలి కింద పాత బెంచీ మేకు విరిగి దిగబడి ఉంది.

“గిది ఎప్పుడు గుచ్చుకున్నది?”

“ఏమో సారు.” సిద్దిరాములు తన కాలును వేరెవరిదో చూసినట్టు వంగి చూశాడు. “నొప్పి తెల్వది నాకు. ఏడాది సంది కాళ్లు మొద్దుబారినయి. మొన్న బెంచీ జరిపిన, అప్పుడయ్యుంటది.”

“మొన్ననా!”

“పరేషాన్ కాకు సారు. నీకు మంచిది కాదు,” అన్నాడు సిద్దిరాములు.

అంబదాస్ ఆయన్ని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని మిషన్ దవాఖానకు తీసుకుపోయాడు. దెబోరా బయలుదేరబోతున్నదల్లా ఆగింది. మధ్యాహ్నం నుంచి ఆమె చుట్టుపక్కల ఊళ్లకు పోతుంది. కట్లు మార్చేది పదకొండు నుంచి పన్నెండు దాకానే. మేకు తీసి, పుండు కడిగి, ఆమె నవ్వు లేకుండా మాట్లాడింది.

“షుగరున్న కాలు గిది. రోజూ రావాలె, రోజూ కడగాలె. ఇంట్ల పసుపు పెట్టి గుడ్డ కడితే లోపల్లోపల మురుగుతది. ఒక్క దినం తప్పినా నేనొప్ప.”

“పదకొండింటికి నేను తలుపు కాడ ఉండాలె గద సిస్టరమ్మా,” అన్నాడు సిద్దిరాములు.

“తలుపు కాడ కాలుండాల్నా, ఒంటికి కాలుండాల్నా?”

సిద్దిరాములు అంబదాస్ వైపు చూశాడు. ఇది శాఖాపరమైన ప్రశ్న అని ఆయన ఉద్దేశం.

జిల్లా అధికారి దామోదర్‌రావు చెడ్డవాడు కాదు. పెద్ద భూస్వామి ఇంట పుట్టి, ఎవరినీ ఒక మాట అనకుండా పెరిగి, హైదరాబాదు నుంచి వచ్చే తెల్ల కవర్లకు తప్ప దేనికీ భయపడకుండా బతికిన పెద్దమనిషి. అంబదాస్ చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

“నాకు దయ లేదనుకుంటున్నవా అంబదాస్? ఉన్నది. దయకు ఒక ప్రొసీజర్ ఉంటది. క్యాజువల్ లీవులు ఉన్నయా ఆయనకు?”

“అయిపోయినయి సార్. కోడలు కాన్పుకు వాడుకున్నడు.”

“మెడికల్ లీవు పెట్టుమను.”

“పొద్దుగాలనే పెట్టిండు సార్. మీరే వాపస్ పంపిన్రు.”

“అవ్ గద, మనిషి నడుస్తుండాయె! నడిచేటోని కాలు బాగలేదని నేనెట్ల రాయాలె? నడవరాని నాడు తనే స్వయంగ వచ్చి దరఖాస్తు ఇయ్యమను, వెంటనే సంతకం పెడత.”

“గంట పర్మిషన్ ఇయ్యుండ్రి సార్. పదకొండు నుంచి పన్నెండు.”

దామోదర్‌రావు ముఖం పాలిపోయింది. “గా గంట ఒక్కటి అడగకు. గా గంటల అటెండర్ లేక, ఎవడన్న రైతు లోపలికొచ్చి, మీల ఒక్కరికి శాంతి చెడితే, నేను హైదరాబాద్‌కు జవాబు చెప్పాలె.”

మర్నాడు అంబదాస్ తన చాప వదిలి తానే తలుపు దగ్గర నిలబడి, సిద్దిరాములును దవాఖానకు పంపాడు. సీనియర్ అసిస్టెంటు తన హోదాకు తగ్గ పని చేయక, హోదాకు తక్కువ పని అనుమతి లేకుండా చేసినాడని లింగమూర్తి రాసిచ్చాడు. మెమో వచ్చింది. ఆ రాత్రి అంబదాస్ రొట్టె ముక్కను పళ్లెంలో అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు. సిద్దిరాములు ఇంట్లో భార్య కమలవ్వ పుండు మీద పసుపు పెట్టి గుడ్డ కట్టింది.

మూడో పాఠం ఆ వారమే మొదలైంది. కళ్లు మూసుకుని ఒక ఆహ్లాదకరమైన చోటును ఊహించుకుని, మనసులో అక్కడికి పోయి రావాలి. చోటు ఎవరికి వారే ఎంచుకోవచ్చునని లింగమూర్తి ప్రకటించాడు. ఈ స్వేచ్ఛ ఒక్క రోజే నిలిచింది. జూనియర్ అసిస్టెంటు రాజయ్య ఊహలో బొంబాయి సముద్రం దాకా పోయి, పోయినట్టు రిజిస్టరులో నిజాయితీగా రాయడంతో, అనుమతి లేకుండా హెడ్‌క్వార్టర్సు విడిచినందుకు ఆయనకు మెమో ఇచ్చారు. ఇకమీదట ఊహాయాత్రలు జిల్లా సరిహద్దు లోపలే, ముందస్తు దరఖాస్తుతో, టూరు నిబంధనలకు లోబడి జరుగవలెనని సవరణ వచ్చింది.

అంబదాస్ టూరు నిబంధనల పుస్తకం ఇంటికి తీసుకుపోయాడు. ఇరవై రెండేళ్లుగా ఆయన నిబంధనలకు భయపడ్డాడే గాని, వాటిని దేనికైనా వాడుకోవచ్చునన్న ఆలోచన ఎన్నడూ రాలేదు. పద్నాలుగో పేజీలో వేలు ఆగింది. పర్యటనలో ఉన్న సీనియర్ అసిస్టెంటు, రిజిస్టర్లు మోయడానికి ఒక అటెండరును వెంట తీసుకుపోవచ్చును.

“ఏందట్ల నవ్వుతున్నవ్?” అన్నది దేవకి అనుమానంగా. ఆయన నవ్వి చాలా కాలమైంది.

మర్నాడు దరఖాస్తు దామోదర్‌రావు బల్ల మీద ఉంది. వేములవాడకు రోజూ పదకొండు నుంచి పన్నెండు వరకు ఊహాయాత్ర చేయుటకు, అటెండరు సిద్దిరాములును వెంట తీసుకుపోవుటకు అనుమతి కోరుతూ.

“ఊహల అటెండర్ దేనికి?”

“శ్వాసల రిజిస్టర్ మొయ్యాలె గద సార్. ఎక్కడికి పోయినా వెంట ఉండాలని రూలు.”

“ఉండనీ. ఆయనను తలుపు కాడ నిలబెట్టే ఊహించుకో.”

“గక్కడనే వస్తుంది సార్ చిక్కు.” అంబదాస్ దరఖాస్తు మీది నుంచి కళ్లు ఎత్తలేదు గాని మాట ఆగలేదు. “ఒక మనిషి ఒకే టైముల రెండు చోట్ల డ్యూటీ మీద ఉన్నట్టు రిజిస్టర్ల పడితే, ఆడిట్ ఊకుంటదా?”

దామోదర్‌రావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. దరఖాస్తులో తప్పు దొరకలేదు. తప్పు లేని దరఖాస్తు ఆయన ఎన్నడూ చూడలేదు, అందుకే భయం వేసింది. “హైదరాబాద్‌ను అడుగుదాం,” అన్నాడు.

హైదరాబాదు అడిగిన ప్రశ్నలు మూడు. ఊహలో బస్సు మీద పోదురా, నడిచి పోదురా? గుడిలో దర్శనం చేసుకున్న ఎడల ఆ కాలాన్ని సొంత పనిగా లెక్కించవలెనా? అటెండరుకు వేరే ఊహ ఉన్న ఎడల ఎవరి ఊహ చెల్లును? అంబదాస్ ప్రతిదానికీ వచ్చిన రోజే జవాబు రాసి పోస్టులో వేసి వచ్చాడు. (బస్సు మీద. దర్శనం బయటినుంచే. నాలుగో తరగతి వారికి ఊహ మంజూరు కాలేదు.) అయినా పదకొండు రోజులు పట్టింది.

ఆ పదకొండు రోజులూ సిద్దిరాములు చాపలు పరిచాడు, తలుపు దగ్గర నిలబడ్డాడు. ఐదో రోజుకు గుడ్డలోంచి వాసన మొదలైంది. లింగమూర్తి ముక్కు మూసుకుని, ఊపిరి పీల్చే పాఠాన్ని తాత్కాలికంగా నిలిపివేశాడు. ఎనిమిదో రోజుకు వేలు నల్లబడింది. అంబదాస్ సాయంత్రాలు దెబోరా తిరిగివచ్చే దారిలో కాపు కాసి, ఆమె ఇచ్చిన పొడి మందూ దూదీ తీసుకుపోయి సిద్దిరాములు ఇంటి అరుగు మీద కూర్చుని తన చేతులతో కట్టేవాడు. కట్టడం రాదు. ఊడిపోయేది.

“నువ్వు సారువు. నా కాలు పట్టుడేంది?” అనేవాడు సిద్దిరాములు కాలు వెనక్కి లాక్కుంటూ.

“ఊకో. గిది కార్యాలయం బయట,” అనేవాడు అంబదాస్.

పన్నెండో రోజు అనుమతి వచ్చింది. వేములవాడకు ఊహాయాత్ర, అటెండరు సహితంగా, ప్రభుత్వానికి ఖర్చు లేకుండా. ఆ రోజు పదకొండుకు ఈల మోగగానే సిద్దిరాములు కుంటుకుంటూ గేటు దాటాడు. తలుపు దగ్గర ఎవరూ లేరు. ఏమీ కాలేదు. రైతులు వచ్చి, మూసిన తలుపు చూసి, ఎప్పటిలాగే వెళ్లిపోయారు.

అంబదాస్ కళ్లు మూసుకున్నాడు. వేములవాడ బస్సు ఎక్కుదామనే ప్రయత్నించాడు, అనుమతి అక్కడికే గనుక. మనసు మాత్రం సిద్దిరాములు వెంట పోయింది. గేటు, సైకిళ్ల దుకాణం, మలుపులో బండి మీద జామపండ్లు. కుంటి కాలు ఒక అడుగు వేసినప్పుడు ఊపిరి లోపలికి, రెండో అడుగుకు బయటికి. ఇంకొంచెం దూరమే. గచ్చు మెట్లు రెండు. దెబోరా తిడుతుంది, తిట్టనీ, వేడినీళ్లు పెట్టే ఉంటుంది. లింగమూర్తి పన్నెండుకు ఈల ఊదినప్పుడు అంబదాస్ ఉలిక్కిపడ్డాడు. మెడ తిప్పి చూశాడు, మెడ తిరిగింది. రిజిస్టరులో ఆ రోజు గళ్లు ఖాళీగా ఉన్నాయి. లెక్కపెట్టడం మరిచిపోయాడు.

అలా పంతొమ్మిది పనిదినాలు వేములవాడ వెళ్లివచ్చాడు. పంతొమ్మిదో రోజు సిద్దిరాములును దవాఖానలోనే ఉంచుకున్నారు. పాదం దక్కింది. చిటికెన వేలు తీసేశారు. సాయంత్రం అంబదాస్ పోయేసరికి కమలవ్వ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. అలసిపోయినట్టుంది.

దెబోరా ఆయన్ని వరండాలోకి పిలిచింది. “గా పదకొండు దినాల ముందు వస్తే వేలు సుత దక్కుతుండె సారూ.”

ఆమె ఆయన చేతికి సీసా ఇచ్చి పరీక్షకు పంపింది. గాజుగొట్టం దీపం మీద పెట్టి చాలాసేపు చూసింది. ఆకుపచ్చ దగ్గర ఆగిపోయింది.

“ఏం చేసినవ్?”

“ఏం చెయ్యలే. రోజు ఒక్క గంట నన్ను నేను మర్శిపోయిన.”

“అదే చెయ్యమని చెప్పుండ్రి మీ ఆఫీసుకు.”

“చెప్తే రిజిస్టర్ పెడతరమ్మా,” అన్నాడు అంబదాస్.

విషయం బయటపడక తప్పలేదు. దవాఖాన చీటీ ప్రకారం సిద్దిరాములు మంచం మీద ఉన్నాడు. టూరు రిజిస్టరు ప్రకారం అదే గంటలో వేములవాడలో శ్వాసల రిజిస్టరు మోస్తున్నాడు. దామోదర్‌రావు తలుపు వేయించి విచారణ జరిపాడు.

“సిద్దిరాములు నీతోని వేములవాడకు వచ్చిండా, రాలేదా?”

అవునంటే చాలు, రూలు పుస్తకంలో ఏదో ఒక సందు దొరికేదే. అంబదాస్‌కు ఆ సంగతి తెలుసు. జైనూర్ కూడా గుర్తుంది.

“రాలే సార్. దవాఖానకు నేనే పంపిన.”

“అంటే నువ్వొక్కనివే పోయినవా వేములవాడకు?”

“నేను సుత పోలే సార్.”

“మరెటు పోయినవ్?”

“ఆయన ఎనుకనే, దవాఖానకు.”

“కూసున్న కాడనే?”

“కూసున్న కాడనే.”

దామోదర్‌రావు బాధగా తల ఊపాడు. “ఒక చోటికి పర్మిషన్ తీసుకొని ఇంకో చోటికి పోయినవన్న మాట. పంతొమ్మిది సార్లు. నీ మీద నాకు శాన నమ్మకముండె అంబదాస్.”

అంబదాస్ తన షుగరు తగ్గిన చీటీ బల్ల మీద పెట్టాడు. దామోదర్‌రావు దాన్ని హైదరాబాదుకు పంపాడు. సదరు ప్రశాంతత అనుమతి లేని మార్గంలో పొందినందున లెక్కలోకి రాదని, అటువంటిది ఇంకెవరి దగ్గరైనా ఉన్నదేమో విచారించవలెనని జవాబు వచ్చింది. పథకం విజయవంతమైనట్టు వార్షిక నివేదికలో రాశారు. లింగమూర్తికి ప్రశంసాపత్రం, అంబదాస్‌కు జైనూర్.

“గుట్టల గాలి మంచిదంటరు,” అన్నది దేవకి పెట్టెలో జొన్నపిండి మూట సర్దుతూ. మూట మూతి ముడేసి, “నువ్వు రాత్రి గురక పెట్టినవ్. శాన దినాలకు,” అన్నది.

చార్జి అప్పగించే రోజు అంబదాస్ తన బల్ల ఖాళీ చేస్తుండగా సిద్దిరాములు కర్ర పట్టుకుని గేటు దాటి వచ్చాడు. నెల రోజుల తర్వాత మళ్లీ డ్యూటీలో చేరడానికి. కాలికి రబ్బరు చెప్పు, మీద తెల్లటి చిన్న కట్టు. మనిషి చిక్కాడు గాని తేలికగా నడుస్తున్నాడు. దామోదర్‌రావు ముందు చేరిక కాగితం మీద వేలిముద్ర వేశాడు. దీర్ఘ గైర్హాజరు తర్వాత చేరే ఉద్యోగిని సర్వీసు రిజిస్టరుతో సరిపోల్చి గుర్తించాలి. ఆ పని సీనియర్ అసిస్టెంటుదే. అంబదాస్ బీరువాలోంచి రిజిస్టరు తీసి, దుమ్ము దులిపి, మొదటి పేజీ తెరిచాడు. చదివి, చేతిని ఆ పేజీ మీద అలాగే ఉంచాడు.

“ఏముంది, పైకి చదువు,” అన్నాడు దామోదర్‌రావు.

“ఒంటి మీద గుర్తులు. ఒకటి, ఎడమ కాలి చిటికెన వేలి మీద పుట్టుమచ్చ.” అంబదాస్ వేలు కింది వరుసకు జరిగింది. “రెండు, పైన చెప్పినదే.”

అందరూ రబ్బరు చెప్పు వైపు చూశారు. సిద్దిరాములు కూడా చూసుకున్నాడు.

“నేనెరుగుదు సార్ ఈయనను. పద్నాలుగేండ్ల సంది చూస్తున్న,” అన్నాడు అంబదాస్. “నేను రాసిస్త.”

“నువ్వు ట్రాన్స్‌ఫర్‌ల ఉన్నవ్. నీ సంతకం చెల్లది.”

“మీరెరుగుదురు గద సార్. పొద్దుగాల మీకు చాయ్ తెచ్చేది ఈయననే గద.”

“ఎరుగుదు,” అన్నాడు దామోదర్‌రావు, నిజంగానే నొచ్చుకుంటూ. “నేనెరుగుడు వేరు, ఆఫీసు ఎరుగుడు వేరు.”

“మరి నేనెవర్ని సారు?” అన్నాడు సిద్దిరాములు. ఎకసెక్కంగా కాదు, తెలుసుకుందామనే అడిగాడు.

దామోదర్‌రావు కాగితం ముందుకు లాక్కున్నాడు. చాలాసేపు ఆలోచించి, దయను ప్రొసీజరులో పెట్టి, తన చేతి రాతతోనే మెమో రాసి, కింద సంతకం చేసి సిద్దిరాములు చేతిలో పెట్టాడు. సిద్దిరాములుకు చదువు రాదు గనుక అంబదాస్ చదివి వినిపించాడు. ఆ కార్యాలయంలో ఆయన చదివిన చివరి కాగితం అదే:

“పై పేర్కొన్న వేలును, పుట్టుమచ్చ సహితంగా, ఏడు రోజుల లోపల ఈ కార్యాలయంలో హాజరుపరచిన ఎడల, సిద్దిరాములును సిద్దిరాములుగా గుర్తించుటకు శాఖకు ఎట్టి అభ్యంతరమూ లేదు.”